బెత్తము కాదు, తోడు కావలెను



మీ వీధిలో అట్టి ఇల్లు ఒకటి తప్పక ఉన్నది. సాయంకాలము దీపములు పెట్టినది మొదలు రాత్రి పది గంటల వరకు ఆ ఇంటిలోనుండి కేకలు, ఏడ్పు వినవచ్చుచుండును. పుస్తకము తెరచి రెండు గంటలైనను ఒక పుట ముగియదు. నిన్న నేర్చిన మాట నేడు నిలువదు. ఒకచోట అయిదు నిమిషములు కూర్చుండుమన్నను బిడ్డ కూర్చుండలేదు. పెన్సిలో, నోటుపుస్తకమో బడిలో పోగొట్టుకొని వచ్చుట నిత్యకృత్యము. చుట్టుపట్లవారు ఆ బిడ్డను గూర్చి మూడు మాటలలో తీర్పు చెప్పివేసినారు: మొద్దు, అల్లరి, సోమరి. ఆ బిడ్డ తల్లిని గూర్చి నాలుగవ మాట ఒకటి చెప్పినారు: పెంపకము తెలియనిది.

ఈ నాలుగు మాటలును అబద్ధములు. అబద్ధములే గదా యని ఊరకొనుటకు వీలులేదు, ఏలయనగా ఇవి హాని చేయు అబద్ధములు. వీటికి జడిసి ఆ ఇల్లు తలుపు మూసికొనుచున్నది. తలుపు మూసికొన్న ఇంటికి సహాయము చేరదు. సహాయము లేకపోలేదు, వైద్యులున్నారు, చట్టమున్నది, నేర్పు పద్ధతులున్నవి. వాటికిని ఆ ఇంటికిని నడుమ అడ్డముగా నిలిచినవాటిలో మొదటిది మన నాలుక. ఆ కుటుంబమునకు ముందుగా కావలసినది మన సలహాయు కాదు, మన జాలియు కాదు. ఆ సహాయమున్న చోటి వరకు వారితో కూడ నడచు తోడు. ఆ తోడు మనము ఇచ్చుట లేదు. ఇదియే నేను మీ యెదుట పెట్టుచున్న ఫిర్యాదు.

మొదట సంగతి ఏమో తెలిసికొందము. కొందరు బిడ్డలకు చూపు బాగుండును, వినికిడి బాగుండును, బుద్ధియు తోటివారితో సమానముగానో అంతకంటె మిన్నగానో ఉండును. అయినను అక్షరమును దాని ధ్వనితో జతపరచుట వారికి మిక్కిలి కష్టము. దీనిని డిస్లెక్సియా అందురు. వ్రాతలో వచ్చు చిక్కును డిస్‌గ్రాఫియా అనియు, లెక్కలలో వచ్చు చిక్కును డిస్కాల్కులియా అనియు అందురు. ఇట్టివాటిని కలిపి అభ్యసన వైకల్యములని పిలుచుచున్నారు. మన తెలుగు అక్షరములనే చూడుడు. ప, వ, మ, య, ద, ధ, థ: వీటి నడుమ భేదము ఒక చిన్న గీత, ఒక చుక్క. ఆ పైన గుణింతము. దాని క్రింద ఒత్తు. "రాష్ట్రము" అను ఒక్క మాటలో ఒక అక్షరమునకు రెండు ఒత్తులు తగిలియున్నవి. ఇది మనకు అలవాటైపోయినది గనుక తేలికగా తోచుచున్నది. ఆ బిడ్డకు ప్రతి పంక్తియు మొదటి దినపు పంక్తియే. దీనికి తోడు ఇంగ్లీషు లిపి ఒకటి, హిందీ లిపి ఒకటి చేరి, పదేండ్లు నిండకముందే మూడు లిపులు నెత్తిన పడుచున్నవి.

ఇంకొందరికి చిక్కు అక్షరముతో కాదు, అవధానముతో. వారి మనస్సు ఒక పనిమీద నిలువదు. లేక, ఒంటికి నిలుకడ లేదు. లేక, మాట నోట రాకముందు ఆలోచించుటకు వ్యవధి దొరకదు. దీనిని ఏడీహెచ్‌డీ అని వైద్యులు పిలుచుచున్నారు. లోకమంతట వంద మంది బిడ్డలలో ఇంచుమించు అయిదుగురికి ఇది ఉండునని పరిశోధకుల అంచనా. ఇట్టివారందరు గంతులు వేయుదురని తలంపవద్దు. కిటికీ వైపు చూచుచు నిశ్శబ్దముగా కూర్చుండు ఆడపిల్ల కూడ వీరిలోనిదై యుండవచ్చును; అల్లరి చేయదు గనుక ఆమెను ఎవరును గుర్తింపరు. పెక్కు బిడ్డలలో ఈ రెండు చిక్కులును కలిసియే ఉండును.

తల్లి పెంపకమువలన ఇది వచ్చెనను మాటను ఇక్కడనే కొట్టివేయవలెను. కవల పిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించినవారు ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యపు పాలు మిక్కిలి పెద్దదని కనుగొనినారు. డిస్లెక్సియాయు కుటుంబములలో తరతరములుగా వచ్చుచుండును. అనగా తల్లి ముద్దు చేసినందున గాని, తండ్రి దూరదేశమందు ఉద్యోగము చేయుచున్నందున గాని ఇది పుట్టలేదు. బిడ్డ పొడుగో పొట్టియో అగుట ఎట్లు తల్లి తప్పు కాదో ఇదియు అట్లే. అయినను ఆ తల్లి అత్తగారి నోట, ఆడబిడ్డ నోట, పొరుగింటి అమ్మ నోట, కడకు బడిలో పంతులమ్మ నోట ఒకే మాట వినుచున్నది. రోజంతయు బిడ్డతో పెనుగులాడి అలసిన ఆమెకు రాత్రి దొరకు ఓదార్పు ఇదియే!

ఇప్పుడు మీ ఆక్షేపణలకు వత్తము.

"మా కాలములో ఇట్టి రోగములు లేవు, ఇవి క్రొత్తగా వచ్చిన పేర్లు" అని మీరందురు. పేర్లు క్రొత్తవి కావచ్చును, బిడ్డలు క్రొత్తవారు కారు. 1896వ సంవత్సరములోనే ఇంగ్లండు దేశపు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్, పదునాలుగేండ్ల బాలుని గూర్చి వైద్య పత్రికలో వ్రాసెను. ఆ బాలుడు చురుకైనవాడు, లెక్కలు చేయగలవాడు, అయినను చదువ లేకపోయెను. పాఠములన్నియు నోటితోనే నడచినచో బడిలో అతనిని మించినవాడు ఉండడని అతని ఉపాధ్యాయుడే అభిప్రాయపడెను. 1902లో లండను వైద్యుడు జార్జి స్టిల్, నిలుకడలేని బిడ్డలను గూర్చి ఉపన్యాసములు చేసెను. ఆయన సహితము దానిని నీతిబలములో ఒక లోపముగానే తలంచెను. ఆ తలంపును విడిచిపెట్టుటకు వైద్యలోకమునకు చాల ఏండ్లు పట్టినది. మన ఊళ్లలోనో, అట్టి బిడ్డలు మూడవ తరగతిలో బడి మాని పశువుల వెంట పోయిరి, లేక మగ్గము గుంటలో దిగిరి. వారు కనబడకపోయినది లేనందున కాదు, మనము వెదకనందున.

"బెత్తము లేనిదే చదువు రాదు, మేము తిన్న దెబ్బలవలననే మేము మనుష్యులమైతిమి" అని రెండవ ఆక్షేపణ. అయ్యా, మీకు చదువు వచ్చినది దెబ్బలవలన కాదు, చదువగల మెదడు మీకు ఉన్నందున. కుంటివానిని కొట్టి పరుగెత్తింపజూచు వానిని మీరు ఏమందురు? భయము కలిగిన మనస్సు జ్ఞాపకమును పట్టి ఉంచలేదు. అసలే కొంచెముగా నున్న అవధానము కాస్తయు బెత్తము వైపే పోవును, పుస్తకము వైపు రాదు. 2009లో పార్లమెంటు చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు తెచ్చిన విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను, బిడ్డకు దేహశిక్షయు మానసిక హింసయు కూడదని నిషేధించుచున్నది. ఆ చట్టము మైనారిటీ విద్యాసంస్థలకు వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన పాఠశాలలను నడుపు పెద్దలు కొందరు ఆ తీర్పు చాటున నిలువబడవచ్చును. అయితే బెత్తము మంచిదని ఏ న్యాయమూర్తియు ఆ తీర్పులో చెప్పలేదు. చట్టము మనలను నిర్బంధింపని చోట మనము మరి మృదువుగా ఉండవలెనా, మరి కఠినముగా ఉండవలెనా?

"ఇంకొక ట్యూషను పెట్టించుము" అనునది మూడవ మాట. రెండు తెలుగు రాష్ట్రములలోను ర్యాంకుల వేట ఎట్లున్నదో మీరెరుగుదురు. తెల్లవారుజామున లేపి, రాత్రి వరకు వల్లెవేయించి, మార్కుల పట్టీ తండ్రి ఫోనునకు పంపు పాఠశాలలు పట్టణము పట్టణమున వెలసినవి. అట్టి చోట ఈ బిడ్డ వెనుకబడగానే "మీ అబ్బాయి మా స్థాయికి తగడు, టీసీ తీసికొనుడు" అను కబురు వచ్చును. తండ్రి మరి ఎక్కువ ఫీజు కట్టి వేరొక చోట చేర్చును. అక్కడను అదే వల్లె, అదే వేగము. పనిచేయని పద్ధతిని రెండింతల సేపు నడిపినంత మాత్రమున అది పనిచేయునా? ఆ బిడ్డకు కావలసినది ఎక్కువ గంటలు కాదు, వేరొక దారి. ధ్వనిని, అక్షరమును మెట్టు మెట్టుగా జతపరచి చూపుట. చెవితో విని, కంటితో చూచి, ఇసుకలో వ్రేలితో దిద్ది నేర్చుట. పెద్ద పనిని చిన్న ముక్కలుగా విరిచి, నడుమ విరామమిచ్చి చేయించుట. డిస్లెక్సియా గల బిడ్డ ఇట్లు నేర్పినచో నేర్చుకొనును. ఆలస్యముగా నేర్చును, అయినను నేర్చును.

మందులను గూర్చియు ఒక మాట. ఆరేండ్లు నిండని బిడ్డలకు ఏడీహెచ్‌డీ ఉన్నప్పుడు మొదట తల్లిదండ్రులకే బిడ్డను నడిపించు పద్ధతులలో శిక్షణ ఇయ్యవలెనని శిశువైద్యుల నియమము. అంతకంటె పెద్దవారికి అవసరమును బట్టి వైద్యుడు మందు వ్రాయవచ్చును. ఆయన పర్యవేక్షణలో మందు వాడుట సిగ్గుపడదగిన పని కాదు. ఉబ్బసమునకు మందు వాడుటవంటిదే. ఇక్కడ రెండు తప్పుడు గొంతులు వినబడుచున్నవి. మందన్నదెల్ల విషమే అని ఒకటి, పది దినములలో జ్ఞాపకశక్తిని రెండింతలు చేయుదుమని సీసాలు అమ్ముచున్నది మరొకటి. దిక్కుతోచని తల్లి ఈ రెండింటి నడుమ చిక్కుకొని సొమ్మును కాలమును పోగొట్టుకొనుచున్నది. డిస్లెక్సియాను పోగొట్టు మాత్రయు టానిక్కును లేవు. ఉన్నవని చెప్పువాడు మోసగాడు.

ఇక చట్టము సంగతి చూడుడు. 1995లో చేసిన వికలాంగుల చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించెను. చదువలేని బిడ్డకు అందులో చోటు లేకపోయెను. 2016లో చేసి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చిన క్రొత్త చట్టము 21 విధములను గుర్తించినది. అందులో అభ్యసన వైకల్యము ఒకటి. ప్రభుత్వము నిధులిచ్చు, లేక గుర్తింపు ఇచ్చు పాఠశాలలన్నియు ఇట్టి బిడ్డలను సాధ్యమైనంత త్వరగా కనిపెట్టి, తగిన బోధన చేయునట్లు చూడవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది. పరీక్షలో అదనపు కాలము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగు మార్పులను 17వ సెక్షను పేర్కొనుచున్నది. గంట పరీక్షకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలము ఇయ్యవలెనని 2013లోనే కేంద్ర ప్రభుత్వము సూచించెను. అనగా మూడు గంటల పరీక్షకు ఒక గంట. వైకల్యము నూటికి 40 పాళ్లు లేక అంతకు మించి ఉన్నదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్యపై హక్కు కలదు. పై చదువులలోను ప్రభుత్వ ఉద్యోగములలోను రిజర్వేషను కలదు.

ఇంత మేలు చట్టములో వ్రాయబడియుండగా, మీ వీధిలోని ఆ తల్లికి ఇందులో ఒక్క ముక్కయైనను ఎవరైన చెప్పిరా? బడివారు చెప్పిరా? మీరు చెప్పితిరా?

చట్టములోని లోపములనుకూడ దాచవలసిన పనిలేదు. ఆ 21 పేర్లలో ఏడీహెచ్‌డీ పేరు లేదు. అభ్యసన వైకల్యము లేకుండ అవధానపు చిక్కు మాత్రమే గల బిడ్డకు ఆ పేరుమీద ధ్రువపత్రము దొరకదు; ఆ కుటుంబము నడిత్రోవలో నిలిచిపోవుచున్నది. 2018లో ఇచ్చిన మార్గసూచికల ప్రకారము అభ్యసన వైకల్యపు ధ్రువపత్రము ఎనిమిదేండ్లు నిండిన తరువాతనే ఇత్తురు. 14వ ఏట, 18వ ఏట తిరిగి పరీక్ష చేయింపవలెను. పరీక్షించు సాధనములలో మన భాష వెనుకబడినది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రమువారు డిస్లెక్సియాను కనుగొనుటకు తయారుచేసిన డాలి అను సాధనము 2015లో వెలువడినప్పుడు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలో ఉండెను. ఆ మొదటి నాలుగింటిలో తెలుగు లేదు. తెలుగు బిడ్డకు తెలుగు చదువలేని చిక్కు ఉన్నదో లేదో ఇంగ్లీషు మాటలతో పరీక్షించుట ఎంత న్యాయమో మీరే ఆలోచింపుడు.

ఈ కొరతలవలన ఎవరు నష్టపోవుచున్నారు? నగరములో ఇంగ్లీషు చదివిన తండ్రి మానసిక నిపుణునియొద్దకు పోయి, ఫీజు చెల్లించి, కాగితము సంపాదించి, తన కుమారునికి పరీక్షలో అదనపు గంటను దక్కించుకొనుచున్నాడు. మంచిదే, అది ఆ బిడ్డ హక్కు. అయితే కూలిపని చేయు తల్లి ఒక దినము పని మానినచో ఆ దినపు కూలి పోవును. జిల్లా ఆసుపత్రికి బస్సు చార్జీలు కావలెను. మొదటి దినము "డాక్టరుగారు లేరు" అందురు. రెండవ దినము "బడినుండి ఉత్తరము తెమ్ము" అందురు. మూడవ దినము ఆన్‌లైనులో స్లాటు లేదందురు. నాలుగవ దినము ఆమె వెళ్లదు. పేదబిడ్డ మొద్దుగానే మిగిలిపోవును. చట్టము ఇచ్చినది హక్కు; మనము దానిని కలిగినవారి సౌకర్యముగా మార్చివేసితిమి.

కాబట్టి, చదువరీ, ఆమెకు దారి తెలిసినవారు కావలెను. ఆ దారి ఇది. 2013లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి బిడ్డలను పరీక్షింపవలెను. వారు చూడవలసిన 30 చిక్కులలో అభ్యసన దోషమును ఏడీహెచ్‌డీయును కలవు. అక్కడ గుర్తించిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను; ప్రజలు దానిని డైక్ అని పిలుచుచున్నారు. రెండు రాష్ట్రములలోను సమగ్ర శిక్ష క్రింద మండలములలో భవిత కేంద్రములున్నవి. ప్రత్యేకావసరములు గల బిడ్డలకు నేర్పు ఉపాధ్యాయులు అక్కడ ఉందురు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ కలదు. ఇప్పుడు దానిని ఎన్‌ఐఈపీఐడీ అందురు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి. రాత్రివేళ గుండె చెదిరిన తల్లి తెలుగులో మాటలాడుకొనుటకు 2022లో ప్రారంభమైన టెలి మానస్ అను ఉచిత ఫోను సేవ కలదు. దాని సంఖ్య 14416. ఈ పేరాను కత్తిరించి ఆ ఇంటివారికి ఇచ్చినను ఈ వ్యాసము వ్రాసినందుకు ఫలమున్నది.

అయితే కాగితము ఇచ్చి రావద్దు. వెంట వెళ్లుడు. ఆసుపత్రి వరుసలో ఆమె ప్రక్కన కూర్చుండుడు. దరఖాస్తు నింపుడు. ఇంగ్లీషులో వ్రాసిన నివేదికను తెలుగులో చదివి చెప్పుడు. బడి ప్రధానోపాధ్యాయుని యొద్దకు ఆమె ఒంటరిగా వెళ్లినప్పుడు ఆయన కూర్చుండుమని చెప్పడు. మీరు వెంటనున్నచో చెప్పును. ఇది చేదు నిజము, అయినను ఈ నిజమును ఆమె మేలుకు వాడుకొనవచ్చును.

మరియొక సంగతి. ఈ మేళ్లలో పెక్కింటిని మొదట సాధించినది ప్రభుత్వములు కావు, వైద్యులును కారు. ఒంటరితనమునకు విసిగిన తల్లిదండ్రులు ఒకచోట కూడుకొనినందున అవి వచ్చినవి. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని చికాగో నగరమందు అట్టి తల్లిదండ్రులు సభ చేసిరి. తమ బిడ్డలకు ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క పేరు పెట్టుచుండగా తల్లడిల్లుచున్న వారి యెదుట, శామ్యూల్ కిర్క్ అను విద్యావేత్త "లెర్నింగ్ డిజెబిలిటీస్" అను పేరును ఉంచెను. ఆ సభనుండియే వారి సంఘము పుట్టెను. ఏడీహెచ్‌డీ గల బిడ్డల తల్లిదండ్రులు 1987లో ఫ్లోరిడాలో చాడ్ అను సంఘమును స్థాపించిరి. మన దేశములోను 1990 తరువాతి పదేండ్లలో మద్రాసులోను బొంబాయిలోను డిస్లెక్సియా సంఘములు ఏర్పడి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుచు, ప్రభుత్వముల తలుపులు తట్టుచు వచ్చినవి. ఇవన్నియు ఇద్దరు ముగ్గురు తల్లులు ఒక గదిలో కూర్చుండి "మీ ఇంటిలోను ఇంతేనా?" అని అడుగుకొనుటతో మొదలు కాగలవు. మీ ఊరిలో ఆ గది ఎక్కడున్నది?

ఆ గది మన ఆలయమునకు ఆనుకొనియే ఉన్నది. వారమునకు ఆరు దినములు తాళము వేసియుండు ఆ హాలును నెలకొక్క సాయంకాలము ఇట్టి తల్లిదండ్రులకు ఇయ్యరాదా? ఏ మతమువారైనను రావచ్చునని చెప్పరాదా? ఉపన్యాసము వద్దు. ఒక కూజా నీళ్లు, పది కుర్చీలు, విను చెవులు చాలును. పెద్దలు మాటలాడుచుండగా బిడ్డలను ఆడించుటకు ఇద్దరు యౌవనస్థులు చాలుదురు. ఆ రెండు గంటలు ఆ తల్లికి నెలంతటికి దొరకు విశ్రాంతి. తండ్రులును రావలెను, బిడ్డ బాగుగా చదివినప్పుడు తన కుమారుడనియు, చదువనప్పుడు నీ కుమారుడనియు భార్యతో చెప్పు తండ్రులు మరి ముఖ్యముగా రావలెను. ఆ ఇంటిలో చక్కగా చదువు అన్నయో చెల్లెలో ఉన్నచో వారినిగూడ మరువవద్దు. చిక్కున్న బిడ్డవైపే అందరి కన్నులు ఉండుటవలన వారు మౌనముగా బాధపడుచుందురు.

సంఘములో మనము చేయుచున్న హానినిగూడ ఒప్పుకొనవలెను. ఆదివారపు బడిలో కంఠత వాక్యము చెప్పలేని బిడ్డను అందరి యెదుట నిలువబెట్టుచున్నాము. బహుమానములన్నియు జ్ఞాపకశక్తికే ఇచ్చుచున్నాము. బిడ్డ ఆరాధనలో కదలినచో తల్లి వైపు తిరిగి చూచుచున్నాము. రెండు మూడు ఆదివారములు అట్లు చూచిన తరువాత ఆ తల్లి రాదు. కొందరు మరి ముందుకు పోయి, ఇది తండ్రి పాపమనియు, దయ్యమనియు, ప్రార్థన చాలనందున అనియు చెప్పుచున్నారు. ఇట్టి మాట చెప్పువాడు గాయముమీద ఉప్పు చల్లుచున్నాడు. ప్రార్థించుడు, ఆ తరువాత ఆసుపత్రికి వెంట వెళ్లుడు. మోషే మాటకారి కాడు. తన నాలుకను గూర్చి ఆయన మొరపెట్టుకొనినప్పుడు ఆ నాలుక మారలేదు. ఆయన పక్షముగా మాటలాడుటకు అన్నయైన అహరోను ఇయ్యబడెను. పరీక్షగదిలో బిడ్డ ప్రక్కన కూర్చుండి వ్రాసిపెట్టువానిని చూచి "ఇది మోసము" అని గొణుగువారు ఈ సంగతిని ఒకసారి తలంచుకొందురు గాక.

ఉపాధ్యాయులారా, మీ కష్టము నేనెరుగనిది కాదు. ఒక గదిలో అరువదిమంది, చేతిలో సిలబసు, నెత్తిమీద ఇన్‌స్పెక్షను. అయినను ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నవి. ఆ బిడ్డను ముందు బల్లమీద, కిటికీకి దూరముగా కూర్చుండబెట్టుడు. ప్రశ్నను పైకి చదివి వినిపించుడు. తరగతి అందరి యెదుట గట్టిగా చదువుమని నిర్బంధింపకుడు. ఒకేసారి నాలుగు పనులు చెప్పక, ఒకటి ముగిసిన తరువాత మరియొకటి చెప్పుడు. వ్రాయలేనివానిని నోటితో అడుగుడు. వాడు చెప్పు జవాబు మిమ్ములను ఆశ్చర్యపరచవచ్చును. తప్పులన్నిటికి ఎఱ్ఱసిరా పూయక, ఒక్క మంచి పంక్తి క్రింద గీత గీయుడు. అన్నిటికంటె ముఖ్యముగా, వైద్యుని కొరకు బడినుండి కావలసిన ఉత్తరమును మొదటి దినముననే వ్రాసి ఇయ్యుడు. మీ సంతకమునకు మీకు రెండు నిమిషములు పట్టును. అది లేనందున ఒక బిడ్డకు ఒక సంవత్సరము పోవచ్చును.

"ఇట్లయినచో ప్రతి సోమరియు నాకు వైకల్యమున్నదని చెప్పుకొనును" అని కడపటి ఆక్షేపణ. కన్నులద్దములు ఇచ్చుట మొదలుపెట్టినప్పుడు లోకమంతయు గ్రుడ్డితనము నటించెనా? ధ్రువపత్రమును ఇచ్చునది తల్లి కాదు. నిపుణులు పరీక్షించి ఇచ్చుచున్నారు. తెలియని జవాబును అదనపు గంట తెచ్చిపెట్టదు. తెలిసిన జవాబును కాగితము మీద పెట్టుటకు మాత్రమే అది ఉపకరించును. ఎవడో ఒకడు అర్హత లేక లాభపడునేమో యని వెరచి, అర్హులైన బిడ్డలనందరిని త్రోసివేయుట ఏ తక్కెడలో న్యాయము?

సోమరితనమను మాటను గూర్చి మరియొకసారి ఆలోచింపుడు. తోటివాడు పది నిమిషములలో చదివిన పుటను గంటసేపు పెనుగులాడి చదివి, అప్పటికిని తప్పులు పోక, మరుసటి దినము తిరిగి అదే బడికి, అదే ఎగతాళికి నడచి వెళ్లు బిడ్డను సోమరి అందుమా? ఆ బిడ్డ ఒక దినములో చూపు పట్టుదలను మనము ఒక సంవత్సరములో చూపుట లేదు.

చదువరీ, ఈ నెల ముగియకముందు ఒక ఇంటి తలుపు తట్టుడు. సలహా తీసికొని పోవద్దు. మీ అక్క కుమారుడు ఎట్లు బాగుపడెనో చెప్పవద్దు. "అమ్మా, ఇది నీ తప్పు కాదు. ఆసుపత్రికి ఏ దినము వెళ్లవలెనో చెప్పుము, నేను వత్తును" అనుడు. ఆమె మొదట నమ్మకపోవచ్చును. ఇంతవరకు అట్టి మాట ఆమెతో చెప్పినవారు లేరు. ఆమె చెప్పిన దినమున, చెప్పిన వేళకు, బస్సు స్టాండులో ఉండుడు.